చివరి ఆల్బమ్‌లో బాస్ ఎవరిది

జూన్ 8

మొదటి పాట అయింది. అయిందని వాళ్ళంటున్నారు.

నేను హెడ్‌ఫోన్స్ తీసి తలెత్తేసరికి స్టూడియో అద్దం అవతల పాడే నికుంజ్, డ్రమ్స్ కొట్టే అన్వేష్ వీపులు తిప్పుకుని మాట్లాడుకుంటున్నారు. తలుపు తీయగానే మాట ఆగింది. "ఏందిరా?" అన్నాను. "ఏం లేదు, మంచిగ వచ్చింది" అన్నాడు అన్వేష్. మంచిగా వస్తే గోడకు చెప్పుకోవడం దేనికి, నా ముఖం మీద చెప్పొచ్చు కదా.

ఇది మా బ్యాండ్ రాత్‌పాళీకి, అంటే రాత్రి షిఫ్టుకు, మూడో ఆల్బమ్. ఆఖరిది. బాస్ ఉన్న పాటలు ఇందులో రెండే. దీని తర్వాత బ్యాండ్ ఉండదని ముగ్గురం ఫోన్‌లో లైవ్ పెట్టి అందరికీ చెప్పేశాం. నికుంజ్ కిమ్ ఊళ్ళో వాళ్ళ కాకా నడిపే, బట్టలకు రంగులేసే డైయింగ్ మిల్లు చూసుకోవాలట. అన్వేష్‌ను గర్బా ఆర్కెస్ట్రా వాళ్ళు పిలిచారట. పాడేవాడికీ డ్రమ్స్ కొట్టేవాడికీ ఒకేసారి పనులు దొరికాయి. బాస్ గిటార్ వాయించే నాకు మాత్రం ఏమీ దొరకలేదు. విడ్డూరం.

నా అనుమానం ఇది — బ్యాండ్ ఆగడం లేదు. నన్ను ఆపుతున్నారు. ఆరు నెలలు పోయాక ఇంకో పేరుతో, ఇంకో బాస్‌వాడితో మొదలుపెడతారు. చూస్తూ ఉండు.

జూన్ 9

పాట మళ్ళీ విన్నాను. నా బాస్ మొద్దుగా ఉంది, దుప్పటి కప్పినట్టు. తీగలు చచ్చాయేమో. కొత్తవి వేయాలి.

జూన్ 15

సాంచెలకు రజా, అంటే మరమగ్గాలకు సెలవు, కాబట్టి మాకు పని. స్టూడియో అంటే ఏముంది, అమ్రోలిలో నికుంజ్ మామకున్న సాంచెల ఖాతా, అదే మగ్గాల షెడ్డు, దాని పైన ఒక గది. కింద మరమగ్గాలు తిరుగుతుంటే పైన గ్లాసులో నీళ్ళు కూడా వణుకుతాయి. అవి ఆగిన రోజే మైకు పెట్టేది.

కొత్త తీగలు. అయినా మొద్దే. ఆంప్ మీద సన్నటి శబ్దం పెంచే ట్రెబుల్ చివరిదాకా తిప్పాను. నికుంజ్ చెవులు మూసుకుని పరుగెత్తుకొచ్చాడు. "అరే యార్, రేకు మీద మేకు గీసినట్టుంది" అని హిందీలో తిట్టి, నేను తిప్పింది వెనక్కి తిప్పేశాడు. ఆంప్ నాది. వాయించేది నేను. తిప్పే హక్కు ఆయనది.

ఇంకొకటి. ఈరోజు నా హెడ్‌ఫోన్స్‌లో డ్రమ్స్ వస్తున్నాయి కానీ హై-హ్యాట్ లేదు. కిక్ వస్తోంది, స్నేర్ వస్తోంది. చిటచిటలాడుతూ పాటను నడిపించే ఆ రెండు తాళాలు మాత్రం లేవు. మేం వాయించే ఫంక్ అంటేనే ఆ చిటచిట, అది లేకపోతే నా బొటనవేలు తీగ మీద ఎక్కడ పడాలో ఎవరు చెప్తారు? "హై-హ్యాట్ పెంచు" అన్నాను. నికుంజ్ ఏదో తిప్పినట్టు నటించాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ నటించాడు. ఆ పైన నన్నే — "శ్రీ, లేట్‌గా పడుతున్నావ్."

నాకు వినిపించకుండా చేసి, నువ్వు తప్పావంటే ఎలా?

జూన్ 16

కావాలనే తీసేస్తున్నారు. నేను తప్పులు చేయాలి, అది వాళ్ళకు సాకు కావాలి.

జూన్ 19

అన్వేష్‌ను అనుమానించడం కష్టంగా ఉంది. నికుంజ్‌ది వేరు, గుజరాతీవాడు, కాలేజీ స్నేహం. అన్వేష్‌ది మా తెలుగువాళ్ళ గల్లీ. వాళ్ళ నాన్న, మా నాన్న ఎదురెదురు సాంచెల మీద నిలబడి బతికినవాళ్ళు. పదో తరగతి కాగానే మేమిద్దరం కూడా అదే ఖాతాలో పాళీలు, అంటే షిఫ్టులు, చేశాం; నేను అవి చేస్తూనే కాలేజీకి వెళ్ళాను. సాంచె కొట్టే దెబ్బ మీదే వాడు నూనె డబ్బా వాయించడం నేర్చుకున్నాడు, నేను దారం బిగించిన చెక్క.

ఆ చప్పుడులో అరిచినా లాభం లేదు. పెదవులు చూసుకోవాలి, చేతులు చూసుకోవాలి. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది. గుప్పిట నోటి దగ్గర పెడితే చాయ్ వచ్చింది. ఇప్పటికీ రోడ్డు అవతల నుంచి అన్వేష్ ఏమంటున్నాడో నాకు తెలుస్తుంది.

అందుకే వీపు తిప్పుతున్నాడు. నేను చదివేస్తానని వాడికి తెలుసు కదా.

జూన్ 22

రెండో పాట. హై-హ్యాట్ మళ్ళీ లేదు. అడగడం మానేశాను.

చాయ్ తాగేటప్పుడు నికుంజ్ ఆదమరిచి అద్దం వైపు తిరిగాడు. పెదవులు స్పష్టంగా — "ఉస్కో మత్ బతానా." వాడికి చెప్పకు.

లోపలికి వెళ్ళి అడిగాను. ఎవరికి, ఏం చెప్పొద్దు? నికుంజ్ ఫోన్ చూసుకున్నాడు. అన్వేష్ టక్కున "నీ గురించి గాదు" అన్నాడు. నా గురించి అని నేనన్నానా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే.

జూన్ 24

ఇంట్లో చెల్లి లావణ్యతో గొడవ. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చింది మొదలు "అన్నా, టీవీ తగ్గియ్యి" అని ఒకటే పాట. అమ్మ, నాన్న, నేను — ముగ్గురం ఒకేసారి "ఎందుకే?" అన్నాం. ముగ్గురికి సరిపోయింది ఒక్కదానికి ఎక్కువైందట. హాస్టల్ తిండి తిని చెవులు సున్నితమయ్యాయి మహారాణికి.

జూన్ 26

పనికి సెలవు పెట్టి కిమ్ వెళ్ళాను. ఆఫీసులో చీరల డిజైన్లు పేరుకుపోయాయి, పోనీ. వాన. బండి మీద తడిసి ముద్దయ్యాను. నికుంజ్ నిజంగా మిల్లుకు వెళ్తున్నాడా లేదా తేల్చుకోవాలి.

వెళ్తున్నాడు. గేటు ఎదుట పాన్ డబ్బా దగ్గర నిలబడి చూశాను. చేతులకు నీలం రంగు, తల మీద ప్లాస్టిక్ టోపీ, లారీవాడితో గుజరాతీలో కొట్లాట. స్టేజీ మీద మైకు పట్టుకుని ఊగే మనిషి బట్ట తానొకటి భుజాన వేసుకుని లోపలికి పోయాడు. నాకు ఒక్క క్షణం జాలేసింది.

తిరిగొచ్చేటప్పుడు ఆలోచించాను. నేను వస్తానని ఎవరైనా ముందే చెప్పి ఉంటే? ఎవరు చెప్తారు, నేనెవరికీ చెప్పలేదు. అయినా.

జలుబు చేసింది.

జూన్ 29

దొరికారు.

కవర్ ఫోటో కోసం కామ్‌రేజ్ పోయాం. హైవే పక్కన ముగ్గురం మూడు దిక్కులకు చూస్తూ నిలబడాలట. నాకు ఆ పోజు కష్టమనిపించలేదు. వచ్చేటప్పుడు అన్వేష్ కారులో రెండో పాట మోగింది. రెండో చరణం ముందు బాస్ స్వరం కింది నుంచి పైకి జారింది. ఒక్క జారుడు, నున్నగా.

నేనెప్పుడూ జారను. నా పద్ధతి తీగను కొట్టి ఆపడం. ఈ బ్యాండ్ మొదలైనప్పటి నుంచీ ఒక్కసారి కూడా అట్లా జారలేదు.

"ఇది ఎవరు వాయించారు?" అన్నాను. వెనక సీట్లోంచి నికుంజ్ ఏదో అన్నాడు. అర్థం కాలేదు. తిరిగి చూసేసరికి నోరు మూసుకున్నాడు. అన్వేష్ రోడ్డునే చూస్తున్నాడు. పాట ఆపేశాడు.

జూలై 1

నా బాస్ తీసేశారు. తీసేసి నికుంజ్ వాయించి పెట్టాడు. మనిషి ఇంకా ఉండగానే అతని మంచం ఇంకొకరికి వేసినట్టు.

ఈ ఆల్బమ్ నాకు ఆఖరి గుర్తు. ఇంకో బ్యాండ్‌లో నన్నెవరు తీసుకుంటారు, ముప్పై దాటిన చీరల డిజైనర్‌ను? నా పిల్లలకు ఎప్పుడైనా వినిపించుకోవాలంటే ఇదే ఉంటుంది. అందులో కూడా నేను లేకపోతే ఈ పన్నెండేళ్ళు ఏం చేసినట్టు?

ఏడ్చాను. రాయడానికి సిగ్గేమిటి, ఈ పేజీ ఎవరు చూస్తారు.

జూలై 6

రజా. అందరికంటే ముందు వెళ్ళి గది మధ్యలో కూర్చున్నాను. వాళ్ళు రాగానే మొత్తం కక్కేశాను. నా హెడ్‌ఫోన్స్‌లో హై-హ్యాట్ తీసేశారు, నా ట్రెబుల్ కోసేశారు, నా వెనక గుసగుసలాడుతున్నారు, చివరికి నా బాసే తీసేశారు. దొంగతనం కాక ఇదేమిటి? నికుంజ్ "సున్ తో" — విను ముందు — అంటూ దగ్గరికి వచ్చాడు. అన్వేష్ అతన్ని చేత్తో ఆపాడు.

"గుసగుసలేడివిరా? మేం మాట్లాడుకున్నం గంతే."

"వీపు తిప్పి ఎందుకు మాట్లాడిండ్రు?"

"మిక్సింగ్ బోర్డు గటు దిక్కున్నది గద."

నిజమే. బోర్డు ఆ గోడకే ఉంది. అందుకని ఇంకా గట్టిగా అరిచాను. హై-హ్యాట్ సంగతేమిటి మరి?

వాడు నా చెయ్యి పట్టుకుని డ్రమ్స్ దగ్గరికి తీసుకెళ్ళాడు. కింద సాంచెలు ఆగి ఉన్నాయి. ఫ్యాను ఒక్కటే. "కండ్లు మూసుకో. నేను కొట్టినప్పుడల్లా చెయ్యి లేపు" అన్నాడు.

మూసుకున్నాను. కిక్. చెయ్యి లేపాను. స్నేర్. లేపాను. తర్వాత ఆగిపోయాడు. ఎంతసేపటికీ ఏమీ లేదు. "ఏందిరా, కొట్టు" అని కళ్ళు తెరిచాను.

కొడుతూనే ఉన్నాడు. పుల్ల హై-హ్యాట్ మీద ఆడుతోంది, మెల్లగా, పాటలో కొట్టినట్టే. తాళం అంచు వణకడం కనిపిస్తోంది. చప్పుడు లేదు. పుల్ల బలంగా దించితే కర్ర తగిలిన టక్కు మాత్రం కొద్దిగా.

నికుంజ్ తల పక్కకు తిప్పుకున్నాడు. అన్వేష్ కొట్టడం ఆపలేదు, ఆపితే ఏదైనా మాట్లాడాల్సి వస్తుందని కాబోలు.

జూలై 7

బాస్‌ను సంచిలోనే ఉంచాను. ఫోన్ చేసి చెవుల డాక్టర్ దగ్గర టైమ్ తీసుకున్నాను.

జూలై 9

చెవుల డాక్టర్. తెలుగమ్మాయి, కొత్తగా వచ్చిందట. గాజు గదిలో కూర్చోబెట్టి, కూత వినిపిస్తే బటన్ నొక్కమంది. చాలాసేపు ఊరికే కూర్చున్నాను. కూతలు మొదలే కాలేదనుకున్నాను.

"మరమగ్గాల మీద పనిచేశారా?"

చేశానన్నాను. పుట్టింది కూడా వాటి పక్కనే అన్నాను.

"లావు శబ్దాలు బాగానే వింటున్నారు. సన్నటివి పోయాయండి. పోయినవి తిరిగి రావు, ఉన్నవి కాపాడుకోవాలి. ఇప్పుడేం చేస్తుంటారు?"

కంప్యూటర్ మీద చీరల డిజైన్లు వేస్తానన్నాను. బ్యాండ్ సంగతి చెప్పలేదు.

జూలై 10

ఇంట్లో చెప్పాను. అమ్మ చపాతీ ఒత్తుతూ "గంతేనా? మా అందరికి గంతే గదరా" అంది. నాన్న నవ్వాడు. "సాంచె నడిపెటోనికి చెవుడు రాక సంగీతమొస్తదా?" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపాడు.

ఎట్లా తెలుస్తుంది నాకు? పుట్టినప్పటి నుంచి ఈ ఇంట్లో అందరూ అరుచుకునే మాట్లాడుకుంటారు. అందరం ఎదుటివాడి నోరు చూసే మాట్లాడతాం. అందరికీ ఒకటే టీవీ. ప్రపంచమంతా ఇంతే మోగుతుందనుకున్నాను. కుక్కర్ విజిల్ లావణ్య ఒక్కతే ఎందుకు లెక్కపెడుతుందని ఒక్కసారీ ఆలోచించలేదు.

జూలై 11

సరే. వీపుల సంగతి నా పొరపాటే. ట్రెబుల్, హై-హ్యాట్, తీగలు — అన్నీ నా చెవే.

కానీ "ఉస్కో మత్ బతానా" నా చెవి కాదు, నా కన్ను. అది అన్నాడు. జారింది నా వేలు కాదు. అదీ జరిగింది. వీళ్ళకు ఎప్పటి నుంచి తెలుసు? బ్యాండ్ ఆపేస్తున్నామన్నప్పుడే తెలుసా?

జూలై 13

అన్వేష్‌ను ఇంటి కిందికి పిలిచాను. వాన వెలిసింది. బండి మీద ఎదురెదురుగా కూర్చున్నాం. వీధిదీపం వెలుగు వాడి ముఖం మీద పడేట్టు నేనే కూర్చోబెట్టాను.

"బ్యాండ్ నా వల్లనే బంద్ చేస్తున్నరా?"

"నీ వల్ల గాదు."

నేను చూస్తూనే ఉన్నాను. వాడు కాసేపు తాళంచెవి తిప్పాడు.

"నీ వల్ల గూడ" అన్నాడు.

పోయిన ఏడాది నుంచి స్టేజీ మీద నేను జనాన్ని చూడటం మానేశానట. వాడి ముఖమే చూస్తున్నానట. "మా బాపుకు గూడ గిట్లనే షురువైంది. పాటకో జర జర పోతది. ఇంకో నాలుగేండ్లు గా స్పీకర్ల ముంగట నిలబడితే నీకు మొత్తం పోతది. నికుంజ్‌కు మిల్లు ఉండనే ఉన్నది, నాకు గర్బా ఉన్నది. గందుకే గిప్పుడే ఆపుదమన్న. గా రెండు పాటల్ల నువ్వు లేట్ పడ్డకాడ నికుంజ్ కొట్టి పెట్టిండు."

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు ఆగుతవా?"

ఆగను. అది వాడికి తెలుసు. అయినా నాకు ఒళ్ళు మండింది. నన్ను మోసం చేసి పంపేస్తున్నారనుకున్నప్పుడు కనీసం కోపం ఉండేది. ఇప్పుడు అది కూడా తీసేసుకున్నారు. జాలి కంటే దొంగతనమే నయం.

"ఆ రెండు పాటలు మళ్ళ కొడ్త" అన్నాను. "ఆల్బమ్‌ల నా బాసే ఉండాలె. పక్కన పెట్టిన బొమ్మ లెక్క నా పేరొద్దు."

వాడు తలూపాడు.

జూలై 20

రజా. ఈసారి అద్దం వద్దన్నాం. డ్రమ్స్, నేను ఒకే గదిలో. అన్వేష్ హై-హ్యాట్ స్టాండును నా వైపు జరిపి, చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచాడు. "చెవు ఇడిచిపెట్టు. నా మణికట్టు చూడు" అన్నాడు. అంతే. సాంచెల మధ్య ఎట్లా చూసుకునేవాళ్ళమో అట్లాగే.

మొదట్లో కుదరలేదు. కన్ను చూసి వేలికి చెప్పేసరికి ఆలస్యం. నికుంజ్ ప్రతిసారీ "మళ్ళీ మొదటి నుంచి" అన్నాడంతే. చాయ్ తర్వాత ఎక్కడో కుదిరింది. వాడి మణికట్టు దిగకముందే ఎప్పుడు దిగుతుందో తెలిసిపోతోంది. నా బొటనవేలు దానితో పాటే పడుతోంది. చరణం మారే చోట వాడు కనుబొమలెత్తాడు, నేను కొట్టి ఆపాను. జారలేదు. నికుంజ్ కళ్ళు మూసుకుని పాడుతున్నాడు.

చాలా సంతోషం వేసింది. ఇట్లాంటి సంతోషం ఉన్న పని మానేయాలంటే ఎట్లా.

జూలై 21

డాక్టర్ చెప్పిన చెవి మెషీన్ గురించి లావణ్య అడిగింది. చూద్దామన్నాను.

జూలై 22

నికుంజ్ దారిలో ఆగి ఇంటికి వచ్చాడు. ఎవరి బాస్ పెడుతున్నావని అడిగాను. వాడు నా ఎదుట నిలబడి, నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాట విడివిడిగా — "తేరా... వాలా." నీదే. చెవిటివాడితో మాట్లాడినట్టు. నేను చెవిటివాణ్ణే, ఒప్పుకుంటాను. కానీ అబద్ధం చెప్పేవాడు కూడా అంతే నిదానంగా చెప్తాడు కదా.

అమ్మ చాయ్ ఇచ్చింది. రంగు పోని వేళ్ళతో కప్పు పట్టుకుని తాగి వెళ్ళాడు.

జూలై 25

ఆల్బమ్ వచ్చింది, మొత్తం. "విని ఓకే చెప్పు, రేపు నెట్‌లో పెట్టాలి" అని నికుంజ్ మెసేజ్.

ఆ రెండు పాటలు పొద్దుటి నుంచి వింటున్నాను. జారుడు లేదు. కొట్టి ఆపిన చోట కొట్టి ఆపింది. స్వరాలన్నీ నావే. కానీ నికుంజ్ కావాలంటే జారకుండా వాయించలేడా? నా వేలికీ అతను తీగ మీటే పిక్ ముక్కకూ తేడా ఎక్కడుంటుంది — తీగ మీద గోరు తగిలే చోట, వేలు ఎత్తేటప్పుడు వచ్చే ఆ సన్నటి చప్పుడులో. నాకు పోయింది సరిగ్గా అదే.

కింది స్వరం వినిపిస్తోంది, గుండెకు తగులుతోంది. ఎవరిదో మాత్రం చెప్పలేకపోతున్నాను.

జూలై 26

లావణ్యకు వినిపించాను. "నీదే అన్నా" అంది. మరీ తొందరగా అంది. అన్వేష్‌కు వీడియో కాల్ చేశాను. "నువ్వేరా" అన్నాడు. పెదవులు స్పష్టంగా కనిపించాయి. పెదవులు ఏమంటున్నాయో నాకు తెలుసు. నిజమా అన్నది పెదవుల మీద రాసి ఉండదు.

"ఓకే అను, నికుంజ్ ఎదురుచూస్తుండు" అని మెసేజ్ పెట్టాడు. ఓకే అని టైపు చేశాను. చెరిపేశాను.

అమ్మ బట్టలు మడతపెడుతోంది. ఆమెను పిలిచి స్పీకర్ మీద అరచెయ్యి పెట్టమన్నాను. ఎందుకని అడగలేదు. పాట మొత్తం అట్లాగే నిలబడింది. సాంచె సరిగ్గా నడుస్తోందా లేదా అని చూసేటప్పుడు కూడా ఇట్లాగే చెయ్యి పెట్టేది.

"గిది నువ్వే" అంది.

ఎట్లా తెలుసమ్మా అంటే వినిపించుకోలేదు. ఆమెకు నాకంటే చెవుడు ఎక్కువ. మళ్ళీ బట్టల దగ్గరికి వెళ్ళిపోయింది. ఫోన్ నా చేతిలోనే ఉంది. ఇంకా ఏమీ పంపలేదు.